పాత రైఫిల్ కొనే ముందే మాకు చూపించండి

మా పనిశాలలో రైఫిళ్లు తయారు చేయించుకునే వారందరికీ ఒక మార్పు గురించి తెలియజేస్తున్నాం. వాడిన రైఫిల్‌ను కొని, దాని ఆధారంగా తమకు కావలసిన రైఫిల్‌ను మా చేత తయారు చేయించుకోవాలనుకునే వారి పనిని, ఆ పాత రైఫిల్‌ను మేము పూర్తిగా విడదీసి పరీక్షించిన తర్వాతే ఇకపై ఒప్పుకుంటాం. అంతవరకు అడ్వాన్సు కూడా తీసుకోం. వీలైన చోటల్లా ఆ పరీక్ష మీరు అమ్మకందారుకు డబ్బు చెల్లించక ముందే జరగాలని మా కోరిక. మంచి బేరం దొరికిందన్న సంతోషంతో రైఫిల్ పట్టుకుని మా దగ్గరికి వచ్చిన వారికి, ఇది మీ పనికి పనికిరాదని చెప్పవలసి రావడం మాకూ కష్టంగా ఉంటుంది. అప్పటికి సొమ్ము చేతులు మారిపోయి ఉంటుంది కనుక మా సలహా వల్ల వారికి కలిగే ప్రయోజనం కూడా ఏమీ ఉండదు.

ముందుగా, ఇలాంటి కొనుగోలులో మీరు నిజానికి కొంటున్నది ఏమిటో స్పష్టంగా గుర్తించాలి. రైఫిల్ మొత్తానికి మీరు వెల చెల్లిస్తున్నారు, కాని అందులో కొత్త తయారీకి మిగిలేది సాధారణంగా యాక్షన్ ఒక్కటే, అంటే బ్యారెల్ బిగించే లోహపు చట్రమైన రిసీవర్, దానిలో ముందుకూ వెనక్కూ కదులుతూ తూటా వెనుక మూసుకునే బోల్ట్. బ్యారెల్ (గొట్టం) తీసేస్తాం, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మారుస్తాం, ట్రిగ్గర్ కూడా చాలాసార్లు మారుతుంది. కాబట్టి స్టాక్ మీద గీతలు లేవనో, బ్లూయింగ్ (ఉక్కు మీది నీలిపూత) ఇంకా నిగనిగలాడుతోందనో, గురిచూసే స్కోప్ కూడా కలిపి ఇస్తున్నారనో ఎక్కువ వెల పెట్టడం ఈ పనికి సంబంధించినంతవరకు అనవసరం. గీతలు పడిన స్టాక్, అరిగిపోయిన బ్యారెల్ ఉండి, యాక్షన్ మాత్రం బాగున్న రైఫిల్ మీకు మేలైన కొనుగోలు. పైకి అందంగా కనిపించేదాని కన్నా అలాంటిదాన్నే మేము సిఫారసు చేస్తాం.

రైఫిల్‌ను వెతకడానికి ముందే ఏ కార్ట్రిడ్జ్‌కు (ఏ రకం తూటాకు) తయారు చేయించుకుంటారో నిర్ణయించుకోండి, ఎందుకంటే యాక్షన్ పొడవు, బోల్ట్ ముఖం (తూటా అడుగు ఆనే చోటు) కొలత ఆ నిర్ణయం మీదే ఆధారపడతాయి. .308 వించెస్టర్ గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు, .30-06 గరిష్ఠ పొడవు 3.340 అంగుళాలు. మొదటిదానికి సరిపోయే పొట్టి యాక్షన్‌లో రెండోది పట్టదు. బోల్ట్ ముఖం విషయంలో కొంత వెసులుబాటు ఉంది. .30-06, .270, .308, .243, 6.5 క్రీడ్‌మోర్ తూటాల అడుగు వ్యాసం దాదాపు ఒకటే, సుమారు 0.473 అంగుళాలు, కనుక వీటిలో ఒకదానికి ఉన్న బోల్ట్ మరొకదానికి పనికివస్తుంది. అదే బోల్ట్‌ను అడుగు మరింత వెడల్పుగా ఉండే మ్యాగ్నమ్ కార్ట్రిడ్జ్‌కు వాడాలంటే ముఖాన్ని విప్పారేలా కోయాలి, తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ మార్చాలి, తూటాలు జారే దారిని సరిచేయాలి, మ్యాగజీన్ కూడా సరిపోవాలి. ఇవన్నీ చేయదగినవే, కాని వీటికయ్యే ఖర్చు చవక బేరంలో మిగిలిన సొమ్మును సులభంగా మింగేస్తుంది.

మేము ఎక్కువ సమయం కేటాయించేది ఉక్కును, లాకింగ్ లగ్గులను, అంటే బోల్ట్‌ను రిసీవర్‌లో బిగించి ఉంచే పొడుచుకువచ్చిన భాగాలను, పరీక్షించడానికి. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి బోల్ట్ ముఖాన్ని వెనక్కి నెడుతుంది, ఆ బలాన్ని మోసేది బోల్ట్ లగ్గులు, అవి ఆనుకునే రిసీవర్ లోపలి అంచులు మాత్రమే. మౌజర్ 98 యాక్షన్‌ను ఉదాహరణగా తీసుకుంటే, 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన ఈ నమూనా వేట రైఫిళ్ల తయారీదారులకు తరతరాలుగా ఆధారంగా నిలిచింది. దానికి ముందువైపు రెండు లగ్గులతో పాటు వెనుక రక్షణ కోసం మూడో లగ్గు ఉంటుంది, తూటా అడుగు చిట్లితే వాయువును పక్కకు తప్పించే రంధ్రాలు బోల్ట్ మీద ఉంటాయి, తూటా అంచును మొదటి నుంచీ పట్టుకుని ఉండే పెద్ద ఎక్స్‌ట్రాక్టర్ ఉంటుంది. 1893, 1895 నమూనాలలో ఆ మూడో లగ్గు లేదు. చూపుకు ఒకేలా ఉన్నా వాటిని 98తో సమానంగా భావించి ఎక్కువ ఒత్తిడి గల ఆధునిక కార్ట్రిడ్జ్‌కు మార్చమని అడిగితే మేము అంగీకరించం.

98 యాక్షన్లలో కూడా ఒక జాగ్రత్త ఉంది. పాత సైనిక రిసీవర్లను తక్కువ కార్బన్ ఉన్న ఉక్కుతో చేసి, పైపొరను మాత్రమే గట్టిపరిచేవారు. లోపల మెత్తగా సాగే గుణం, పైన అరుగుదలను తట్టుకునే కాఠిన్యం, ఈ రెండూ కలిసి ఉండటమే వాటి బలం. గతంలో ఎవరైనా లగ్గులు ఆనే చోట నునుపు చేయాలన్న ఉత్సాహంతో ఆ పలుచని గట్టి పొరను అరగదీసి ఉంటే, అడుగున ఉన్న మెత్తని లోహం ప్రతి తూటాకూ కొద్దికొద్దిగా నొక్కుకుపోయి, లగ్గుల ఆకారంలో ఒక మెట్టు ఏర్పడుతుంది. ఈ నొక్కుడు పడిన రైఫిల్‌లో బోల్ట్ పిడిని ఎత్తేటప్పుడు ఏదో అడ్డు తగిలినట్టు అనిపిస్తుంది, హెడ్‌స్పేస్ (బోల్ట్ మూసినప్పుడు తూటాకు ఉండే చోటు, దీన్ని కింద వివరిస్తాను) కూడా పెరుగుతూ పోతుంది.

అమెరికాలో తయారైన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ల చరిత్ర ఉక్కు విషయంలో మా పట్టుదలకు ప్రధాన కారణం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో 8,00,000 కన్నా తక్కువ సీరియల్ నంబరు ఉన్నవి, రాక్ ఐలండ్ కర్మాగారంలో 2,85,507 కన్నా తక్కువ నంబరు ఉన్నవి హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును వేడిచేసి గట్టిపరిచే పద్ధతి) లోపం వల్ల పెళుసుగా మారే అవకాశం ఉన్న రిసీవర్లుగా పేరుపడ్డాయి. అప్పట్లో కాలిన ఉక్కు రంగును కంటితో చూసి ఉష్ణోగ్రతను అంచనా వేసేవారు, వెలుతురు మారితే ఆ అంచనా కూడా మారిపోయేది. 1918లో ఆ పద్ధతిని మార్చారు. పెళుసు రిసీవర్ ముందుగా హెచ్చరించదు, సాగదు, ముక్కలవుతుంది. దాన్ని పరీక్షించి మంచిదని చెప్పగల నమ్మకమైన మార్గం మా వద్ద లేదు, తిరిగి హీట్ ట్రీట్‌మెంట్ చేసి బాగుచేయడం కూడా మేము విశ్వసించే పరిష్కారం కాదు. ఆ నంబర్లలోని రైఫిల్ ఎంత చవకగా వచ్చినా, ఎంతమంది దానితో ఏళ్ల తరబడి కాల్చామని చెప్పినా, దాని మీద మేము కొత్త బ్యారెల్ బిగించం.

హెడ్‌స్పేస్ గురించి చాలామంది అడుగుతారు కనుక కొంత వివరిస్తాను. భుజం (మెడ దగ్గర సన్నబడే వాలు) ఉండి, అడుగు అంచు బయటికి పొడుచుకురాని రిమ్‌లెస్ కార్ట్రిడ్జ్‌లకు ఇది బోల్ట్ ముఖం నుంచి ఛాంబర్ (తూటా కూర్చునే గది) భుజం మీద నిర్దేశించిన చోటు వరకు ఉండే దూరం. దీన్ని గేజ్‌లనే కొలత ముక్కలను ఛాంబర్‌లో పెట్టి చూస్తాం; గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు, ఫీల్డ్ గేజ్ చివరి హద్దు. .308 వించెస్టర్‌కు గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో గేజ్ 1.634, ఫీల్డ్ గేజ్ 1.638. మొదటిదానికీ చివరిదానికీ మధ్య తేడా ఒక మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే. ఫీల్డ్ గేజ్ మీద బోల్ట్ మూసుకునే రైఫిల్‌ను కాల్చకూడదు. అయితే దాన్ని కొనకూడదా అన్నది వేరే ప్రశ్న. మేము ఎలాగూ కొత్త బ్యారెల్ బిగిస్తాం, అప్పుడు హెడ్‌స్పేస్‌ను కొత్తగా నిర్ణయిస్తాం కాబట్టి పాత కొలత పెద్దగా ఉండటం తనంతట తాను అభ్యంతరం కాదు. అది ఎందుకు పెరిగిందన్నదే ముఖ్యం. పాత బ్యారెల్‌కు ఛాంబర్ లోతుగా కోయడం వల్ల అయితే నష్టం లేదు. లగ్గుల దగ్గర నొక్కుడు పడటం వల్ల అయితే ఆ రిసీవర్‌ను పక్కన పెట్టవలసిందే. గేజ్ ఒక్కటి చూసి ఈ రెండింటినీ వేరు చేయలేం, అందుకే విడదీసి చూడాలంటున్నాం.

పాత బ్యారెల్‌నే ఉంచుకుందామనుకునే వారికి ఒక మాట. పొటాషియం క్లోరేట్ ఉన్న పాత ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించే భాగాలు) కాల్చిన తర్వాత బోర్‌లో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) పొటాషియం క్లోరైడ్ అనే లవణాన్ని వదులుతాయి, అది గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. మామూలు నూనెతో తుడిస్తే ఆ లవణం పోదు, నీటితోనే కరుగుతుంది. అందువల్ల బాగా తుడిచినట్టు కనిపించే పాత సైనిక రైఫిళ్లలో కూడా గుంటలు ఉండటం సాధారణం. ఛాంబర్ ముందరి గొంతు భాగం వేడికి కరిగి పగుళ్లు పడి ఉందా అన్నది బోర్ లోపలికి పంపే బోర్‌స్కోప్‌తో చూస్తేనే తెలుస్తుంది.

రెమింగ్టన్ 700 గురించి మాకు వచ్చే ప్రశ్నలు మిగతా అన్నింటికన్నా ఎక్కువ. 1962లో వచ్చిన ఈ యాక్షన్ రిసీవర్ గుండ్రంగా ఉండటం వల్ల లేత్ మీద పని చేయడం, స్టాక్‌లో బెడ్డింగ్ చేయడం (కదలకుండా కూర్చోబెట్టడం) తేలిక, దానికి సరిపోయే ట్రిగ్గర్లు, స్టాక్‌లు, మ్యాగజీన్లు విరివిగా దొరుకుతాయి. కాబట్టి వాడినది కొనదలిస్తే ఇది మంచి ఎంపికే. బోల్ట్ పిడిని మాత్రం శ్రద్ధగా చూడండి. అది బోల్ట్‌తో ఏకంగా చేసినది కాదు, బ్రేజింగ్‌తో (కరిగించిన వేరే లోహంతో) అతికించినది. అతికించిన స్థానం కొంచెం తప్పితే, పిడి ఎత్తినప్పుడు ఖాళీ తూటాను ఛాంబర్ నుంచి మొదట కదిలించే బలం తగ్గిపోతుంది. దీన్ని సరిచేయవచ్చు, కాని అది లెక్కలో చేరవలసిన పని. ట్రిగ్గర్ విషయంలో, ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను తయారీదారు వెనక్కి పిలిచిన సంగతి తెలిసినదే. ఆ కాలం నాటిది కొంటుంటే మరమ్మతు జరిగిందో లేదో తెలుసుకోండి, తెలియకపోతే ట్రిగ్గర్ మార్చే ఖర్చును కూడా మొదటే కలుపుకోండి.

గతంలో ఇంకొకరు చేసిన పని కూడా మాకు ఇబ్బంది కలిగించే విషయమే. స్కోప్ కోసం వేసిన రంధ్రాలు బోర్ నడిమి రేఖకు పక్కగా పోయి ఉండవచ్చు, రిసీవర్ ముందు వలయంలో లగ్గుల పైన మరీ లోతుగా వెళ్లి ఉండవచ్చు, లోపలి మరలను ఒకసారి వెడల్పుగా కోసి ఉంటే మామూలు కొలతల బ్యారెల్ దానికి బిగుసుకోదు. యాక్షన్‌ను సరిచేసిన పని అని అమ్మకందారు గొప్పగా చెప్పే రైఫిల్‌ను, అది ఎవరు ఎలా చేశారన్న వివరం లేకపోతే, ఎవరూ ముట్టుకోని రైఫిల్ కన్నా తక్కువ విలువైనదిగానే మేము చూస్తాం.

కొన్ని రైఫిళ్లు మంచివి కాబట్టే వాటిని కోయకూడదు. 1936లో మొదలైన వించెస్టర్ మోడల్ 70లో 1964లో జరిగిన మార్పులకు ముందు తయారైన వాటికి సేకరించేవారిలో ప్రత్యేక గౌరవం ఉంది. మార్పులు లేకుండా, అన్ని భాగాల నంబర్లూ కలిసి ఉన్న సైనిక రైఫిళ్లకూ అంతే. అలాంటిదాన్ని విడదీసి స్టాక్, బ్యారెల్ పారేయడం చరిత్రకు నష్టం, మీ జేబుకూ నష్టం. అవి మా దగ్గరికి వస్తే ఉన్నదున్నట్టుగా ఉంచుకోమనో, తగిన వెలకు అమ్మి వేరేది కొనుక్కోమనో చెబుతాం. ఇదివరకే ఎవరో స్టాక్ కోసి, రంధ్రాలు వేసి పాడుచేసినవి దొరికితే, యాక్షన్ పరీక్షలో నిలిస్తే, వాటిని సంతోషంగా తీసుకుంటాం.

పత్రాల విషయంలో మినహాయింపులు లేవు. సీరియల్ నంబరు చెరిపినా, తిరగరాసినట్టు కనిపించినా, అమ్మకందారు పేరుకూ పత్రాలకూ పొంతన లేకపోయినా ఆ రైఫిల్ మా గుమ్మం దాటదు. కొన్ని దేశాల చట్టంలో ఆయుధంగా లెక్కించేది రిసీవర్‌నే, మరికొన్ని చోట్ల బ్యారెల్‌కూ బోల్ట్‌కూ కూడా అనుమతి అవసరం. కార్ట్రిడ్జ్ మార్చినా లైసెన్సులో మార్పు చేయించవలసి రావచ్చు. మీరు నివసించే చోట ఉన్న నియమాన్ని కొనే ముందే అధికారుల వద్ద తెలుసుకోండి.

ఇక డబ్బు. పాత యాక్షన్‌కు పెట్టిన వెల, దాని ముఖం, లగ్గులు, మరలు బోర్ నడిమి రేఖకు సరిగ్గా వచ్చేలా లేత్ మీద చేసే పని, ట్రిగ్గర్, అవసరమైతే కొత్త బోల్ట్ లేదా పిడి, ఇవన్నీ కలిపితే ఆ కొలతలన్నీ మొదటే సరిగా చేసి అమ్మే కొత్త యాక్షన్ వెలకు దగ్గరగా వస్తుంది, కొన్నిసార్లు దాటుతుంది కూడా. సైనిక మౌజర్ అయితే స్కోప్‌కు అడ్డువచ్చే బోల్ట్ పిడి, పైకి లేచే సేఫ్టీ, తూటాలు నింపే క్లిప్ కోసం ఉన్న ఎత్తు, రంధ్రాలు, ట్రిగ్గర్ అంటూ లెక్క ఇంకా పెరుగుతుంది. పాత యాక్షన్లను సరిచేసే పని మా ఆదాయంలో గణనీయమైన భాగం, అయినా కేవలం కచ్చితత్వం కోరుకునే వారికి ఖర్చు తగ్గుతుందన్న ఆశతో పాత రైఫిల్ కొనవద్దనే చెబుతాం. ఆ యాక్షన్ మీద మీకు ప్రత్యేకమైన ఇష్టం ఉన్నా, అది మీ ఇంట్లో పెద్దల నుంచి వచ్చినదైనా, మామూలు వేటకు సరిపడే కచ్చితత్వంతో తృప్తిపడి యాక్షన్‌కు పెద్దగా పని పెట్టకుండా బ్యారెల్ మాత్రం మార్చుకోదలచినా, పాతదే సరైన దారి. ఈ చివరి అవసరానికి సావేజ్ 110 చాలా అనుకూలం. 1958లో వచ్చిన ఆ నమూనాలో బ్యారెల్‌ను ఒక నట్టుతో బిగిస్తారు కాబట్టి గేజ్ పెట్టి హెడ్‌స్పేస్‌ను సరిచూసుకుంటూ అమర్చవచ్చు, శ్రమ తక్కువ, ఖర్చూ తక్కువ.

తనిఖీకి రైఫిల్‌ను మీ పేరు మీద లేకుండా తీసుకురావడం చాలా చోట్ల నేరమవుతుంది. కాబట్టి అమ్మకందారు స్వయంగా తీసుకురావాలి, లేదా మాలో ఒకరు గేజ్‌లు, బోర్‌స్కోప్ తీసుకుని ఆయన వద్దకు వస్తారు. రెండూ కుదరకపోతే, ఛాంబర్ ఖాళీగా ఉందని రూఢి చేసుకుని బోల్ట్ తీసిన తర్వాత, లగ్గుల వెనుక భాగం, బోల్ట్ ముఖం, సీరియల్ నంబరు, ప్రూఫ్ ముద్రలు (ఒత్తిడి పరీక్ష జరిగిందని తెలిపే గుర్తులు), స్కోప్ రంధ్రాల ఫోటోలు మంచి వెలుతురులో తీసి పంపండి. ఫోటోలను బట్టి మేము వద్దని చెప్పగలం, కొనమని మాత్రం చెప్పలేం. బోల్ట్ తీసి చూడనివ్వని అమ్మకందారు వద్ద కొనవద్దు.

తనిఖీ రుసుము వేరుగా ఉంటుంది, పని మాకే అప్పగిస్తే దాన్ని చివరి బిల్లులో తగ్గిస్తాం, కొనవద్దని మేము చెప్పినా రుసుము తీసుకుంటాం. ఫలితాన్ని రాతపూర్వకంగా ఇస్తాం. ఇప్పటికే మాకు రైఫిళ్లు అప్పగించిన వారి పనులు పాత ఒప్పందం ప్రకారమే సాగుతాయి. వాటిలో ఇంకా విడదీయని వాటికి మాత్రం ఇదే పరీక్షను మా ఖర్చుతో చేసి, బ్యారెల్‌కు ఆర్డరు పెట్టే ముందే ఫలితాన్ని మీకు తెలియజేస్తాం.