తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు: నాలుగేళ్ల ప్లాన్ పెన్సిల్‌తోనే రాయండి

తల్లిదండ్రులకు నమస్కారం.

కొత్తగా తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల తల్లిదండ్రులతో పోయిన వారం మొదటి సమావేశం జరిగింది. హాల్లో కుర్చీలు చాలక కొందరు వెనక గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది, మన్నించండి. వచ్చేసారి ముందే చూసుకుంటాం. ప్రశ్నలు అడగండి అనగానే ఒక నాన్నగారు లేచి, "మా వాడు కంప్యూటర్ సైన్స్ చెయ్యాలంటే ఇప్పటినుంచే ఏం చేయించాలి మేడమ్?" అన్నారు. మంచి ప్రశ్నే. అయితే ఆ "మా వాడు" పక్కనే కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. "నువ్వేమంటావు?" అని అడిగితే ముందు వాళ్ల నాన్న వైపు చూశాడు. కాసేపాగి, "ఇంకా ఏం అనుకోలేదు మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం విన్నవాటిలో అంత నిజమైన మాట ఇంకొకటి లేదని నాకనిపించింది.

ఈ నెల ఉత్తరం ఆ తండ్రీకొడుకుల కోసం. తండ్రి కంగారులో న్యాయముంది, కొడుకు జవాబులోనూ ఉంది.

ముందుగా ఒక మాట. గ్రాడ్యుయేషన్ అంటే మనలో చాలామందికి డిగ్రీ పూర్తి చెయ్యడమే గుర్తొస్తుంది. ఈ ఉత్తరంలో మాత్రం పన్నెండో తరగతి అయ్యాక, కావలసిన క్రెడిట్లన్నీ చేతిలో పెట్టుకుని హైస్కూలు నుంచి బయటికి వెళ్లడం గురించే మాట్లాడుతున్నాను. దానికి ఇంకా నాలుగేళ్లుంది. చూస్తూ ఉండగానే గడిచిపోతాయి.

ఎనిమిదో తరగతి వరకు మార్కులు తగ్గితే "పోనీలే, వచ్చే ఏడాది చూసుకుందాం" అనుకుంటే సరిపోయేది. తొమ్మిది నుంచి అలా కుదరదు. ఈ ఏడాది మార్కులు చివరి రికార్డులోకి వెళ్తాయి, పై చదువులకు దరఖాస్తు చేసేటప్పుడు నాలుగేళ్లూ ఒకే కాగితం మీద కనిపిస్తాయి. చిన్న లెక్క చెప్తాను. మొదటి ఏడాది సగటు 60 వచ్చిన పిల్లవాడు మిగతా మూడేళ్లూ 85 తెచ్చుకున్నా, మొత్తం సగటు 79 దాటదు. ఆ సగటు 85కి చేరాలంటే మూడేళ్ల పాటు వరసగా 93 పైన తెచ్చుకోవాలి. అసాధ్యమని కాదు, తెచ్చుకున్నవాళ్లను చూశాను. కానీ పదకొండో తరగతిలో పాఠాలు కష్టమయ్యే సమయానికి పాత బాకీ కూడా నెత్తిన ఉంటే పిల్లలు నలిగిపోతారు.

మరి క్రెడిట్ అంటే ఏమిటని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఇంకా ఎక్కువ. ఒక సబ్జెక్టును ఏడాది పొడవునా చదివి పాసైతే వచ్చేది ఒక క్రెడిట్. ఈ కొలత అమెరికాలో 1906 ప్రాంతంలో స్థిరపడింది. కార్నెగీ ఫౌండేషన్ పేరు మీద దాన్ని కార్నెగీ యూనిట్ అంటారు, ఏడాదిలో దాదాపు 120 గంటల తరగతి దాని లెక్క. దాని వెనక కథ నాకు భలే ఇష్టం. ఆ ఫౌండేషన్ అసలు మొదలుపెట్టింది కాలేజీ ప్రొఫెసర్లకు పెన్షన్లు ఇవ్వడానికి. పెన్షన్ కావాలంటే ఆ కాలేజీ తన దగ్గర చేరేవాళ్లకు హైస్కూల్లో కనీసం 14 యూనిట్లు ఉండాలనే నిబంధన పెట్టుకోవాలన్నారు. ప్రొఫెసర్ల ముసలితనపు భద్రత కోసం పెట్టిన లెక్క వందేళ్లు దాటాక కూడా మన పిల్లల టైమ్‌టేబుల్‌ను నడిపిస్తోంది. కనుక క్రెడిట్‌ను తెలివికి కొలతగా చూడకండి. కూర్చున్న గంటలకూ పాసైన పరీక్షకూ ఇచ్చే రసీదు అది. కానీ రసీదు లేకపోతే గేటు దాటనివ్వరు.

తొమ్మిదో తరగతి ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నా అనుభవం ఒక్కటే చాలదు కాబట్టి ఒక పరిశోధన చెప్తాను. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఆ నగరంలోని ప్రభుత్వ బడుల పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఒక నివేదిక ఇచ్చారు. తొమ్మిదో తరగతి పూర్తయ్యేసరికి కనీసం 5 క్రెడిట్లు సంపాదించి, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కు మించి ఫెయిల్ కాని పిల్లలను "దారిలో ఉన్నవాళ్లు" అని లెక్కపెట్టారు. దారి తప్పినవాళ్లతో పోలిస్తే వీళ్లు నాలుగేళ్లలో హైస్కూలు పూర్తి చేసే అవకాశం మూడున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. అంతకుముందు పరీక్షల్లో మంచి స్కోర్లు తెచ్చుకున్న పిల్లలు కూడా ఈ ఒక్క ఏడాది జారితే ఆగిపోయిన సందర్భాలు తక్కువేం కావు. గమనించండి, వాళ్లు చూసింది ర్యాంకులు కాదు. బడికి రావడం, పని పూర్తి చెయ్యడం, ఫెయిల్ కాకపోవడం, అంతే.

అందుకే హాజరు విషయంలో మేం కాస్త విసిగిస్తాం. వరసగా రెండు రోజులు రాకపోతే ఫోన్ వస్తుంది. జ్వరమైతే జ్వరమని చెప్పండి, పెళ్లయితే పెళ్లని చెప్పండి, దాచాల్సిన పని లేదు. రాని రోజుల పాఠం ఎవరి దగ్గర తీసుకోవాలో క్లాస్ టీచర్ చెప్తారు.

ఇక సబ్జెక్టుల ఎంపిక. ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. కొన్నేళ్ల కిందట పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి ఆర్కిటెక్చర్ చదవాలనుంది అంది. చేతిలో బొమ్మల పుస్తకం, చాలా బాగా గీసింది. రికార్డు తెరిచి చూస్తే పదో తరగతి తర్వాత లెక్కలు వదిలేసింది. ఎందుకు వదిలేశావంటే, ఆ ఏడాది లెక్కల టీచర్‌తో పడలేదట. వదిలేస్తే ఏం పోతుందో ఆ రోజు ఎవరూ ఆమెకు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. సంతకం పెట్టిన ఫారం మీద నా సంతకమే ఉంది. ఒక ఏడాది అదనంగా చదివి తర్వాత వేరే దారిలో వెళ్లింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ ఏడాది ఆమెకు మిగలాల్సింది.

లెక్కలు మెట్ల లాంటివి. పన్నెండులో కాలిక్యులస్ చెయ్యాలంటే పదకొండులో దాని ముందు మెట్టు ఎక్కి ఉండాలి, దానికి పదిలో ఇంకో మెట్టు. కాబట్టి పన్నెండు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఇంజనీరింగ్‌కే కాదు, ఎకనామిక్స్‌కూ, ఆర్కిటెక్చర్‌కూ, కంప్యూటర్ సైన్స్‌కూ లెక్కలు కావాలి. సైకాలజీ చదివే పిల్లలకు స్టాటిస్టిక్స్ ఎదురవుతుందని చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అలాగని అందరి మీదా కాలిక్యులస్ రుద్దమని కాదు. వదిలేసేటప్పుడు దానితోపాటు ఏయే దారులు మూసుకుంటున్నాయో తెలిసి వదలాలి. సైన్సుకూ, రెండో భాషకూ ఇదే వర్తిస్తుంది. ఇకమీదట ఏ సబ్జెక్టు వదిలినా ఆ వివరం ఫారం మీదే రాసి ఉంటుంది, అది చదివాకే మీరూ నేనూ సంతకం పెడతాం.

పిల్లలకు ముందుచూపు లేదని మీరు అంటుంటారు. నిజమే, లేదు. ముందుచూపుతో ఆలోచించే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది, అది ఇరవయ్యో పడి మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ల తర్వాతి సంగతి చెప్పమని మనం అడుగుతున్నది ఇంకా తయారీలో ఉన్న మెదడును. పెద్దవాళ్ల తోడు అవసరమైంది ఇందుకే. తోడు అంటే పక్కన నడవడం. ఎత్తుకుని మొయ్యడం మొదలుపెడితే పద్దెనిమిదేళ్లకు దించినప్పుడు ఎటు నడవాలో తెలియదు.

నిద్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటి పీరియడ్‌లో తొమ్మిదో తరగతిని చూస్తే జాలేస్తోంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోన్, మెలటోనిన్, రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందువల్ల పదింటికి నిద్ర రావట్లేదంటే అది పూర్తిగా బద్ధకం కాదు. కానీ చేతిలో ఫోన్ కూడా ఉంటే ఒంటిగంటకూ రాదు. రాత్రిపూట ఫోన్లు పిల్లల గదిలో కాకుండా బయట ఛార్జింగ్ పెట్టించండి. మీవి కూడా అక్కడే పెడితే గొడవ తగ్గుతుంది, అనుభవంతో చెప్తున్నాను.

ఆటలు, క్లబ్బులు, సేవా కార్యక్రమాల గురించి తక్కువే చెప్తాను. సర్టిఫికెట్ల ఫైలు మందంగా ఉండాలని ఎనిమిది వాటిల్లో చేర్చకండి. ఇష్టమైనది ఒకటో రెండో పట్టుకుని నాలుగేళ్లు చేస్తే దరఖాస్తులో రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. రాసుకోవడానికి ఏమీ లేకపోయినా ఆ పిల్లకు ఒక పని వచ్చి ఉంటుంది.

హైస్కూలు తర్వాత అంటే యూనివర్సిటీ ఒక్కటే అని మనలో చాలామంది మనసులో ఉంది. నాక్కూడా చాలాకాలం అలాగే ఉండేది. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి చదువు అయ్యాక దాదాపు మూడింట రెండు వంతుల మంది పిల్లలు వృత్తివిద్యలో చేరతారు. వారంలో కొన్ని రోజులు పనిచోట, మిగతా రోజులు బడిలో గడుపుతారు. అక్కడి నుంచి మళ్లీ పై చదువులకు వెళ్లే దారీ ఉంది. అది చదువు రానివాళ్ల దారి అని అక్కడ సాధారణంగా అనుకోరు. చేతులతో పనిచెయ్యడం ఇష్టపడే పిల్లలు మన దగ్గరా ఉన్నారు. ఏ యంత్రం కనబడినా విప్పి చూడకుండా ఉండలేని పిల్లవాడు ఇంట్లో ఉంటే, వాణ్ణి తిట్టేముందు మా కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడించండి. టెక్నికల్ కోర్సులు, అప్రెంటిస్‌షిప్‌లు, కొంతకాలం పనిచేసి తర్వాత చదవడం, ఇవన్నీ మా లెక్కలో గౌరవమైన దారులే.

ఇంకొకటి, ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. డబ్బు. పై చదువుకు ఇంట్లో ఎంత ఖర్చు పెట్టగలరో పిల్లలకు పన్నెండో తరగతి చివర్లో, సీటు వచ్చాక చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు బాధపడతారని దాచిపెడతారు. ఆ రోజు పడే బాధ ఇంకా పెద్దది. పదో తరగతిలోనే, తిట్టకుండా, భయపెట్టకుండా, ఉన్న సంగతి చెప్పండి. ఎంత వరకు మనం భరించగలం, ఎక్కడి నుంచి స్కాలర్‌షిప్ కావాలి, అప్పు చేస్తే అది ఎవరు తీర్చాలి. తెలిసిన పిల్లలు స్కాలర్‌షిప్‌ల గడువు తేదీలు వాళ్లే వెతుక్కుంటారు. చాలా వాటికి గడువు ఫలితాలు రాకముందే ముగుస్తుంది. దాహమేశాక బావి తవ్వితే ప్రయోజనం లేదు.

ఇక పని సంగతి. ఈ శుక్రవారం పిల్లల సంచుల్లో ఒక కాగితం వస్తుంది. అడ్డంగా నాలుగేళ్లు, నిలువుగా సబ్జెక్టులు, కింద రెండు ప్రశ్నలు: ఏం నేర్చుకుంటే బాగుంటుందని ఉంది? ఏది కష్టంగా ఉంది? తొమ్మిదో తరగతి గడి నింపే ఉంటుంది. పది, పదకొండు, పన్నెండు గడులు పెన్సిల్‌తో నింపాలి. పెన్‌తో వద్దు, ఏటా ఏప్రిల్‌లో ఈ కాగితం బయటికి తీసి మళ్లీ రాస్తాం. కింద ప్రశ్నలకు "ఇంకా తెలియదు" అని రాసినా ఒప్పుకుంటాం. ఖాళీగా వదిలితే మాత్రం కౌన్సెలర్ పిలిచి కూర్చోబెడతారు.

ఒక సాయంత్రం టీవీ ఆపి, పిల్లలతో కలిసి కూర్చుని ఈ కాగితం చూడండి. సబ్జెక్టుల పేర్లు అర్థం కాకపోతే వాళ్లనే అడగండి, మనకు చెప్పడం వాళ్లకు సరదా. వచ్చే నెల మొదటి సోమవారంలోగా క్లాస్ టీచర్‌కు అందాలి. నెల మూడో వారంలో ఒక్కో కుటుంబంతో పదిహేను నిమిషాల సమావేశం పెడుతున్నాం, సాయంత్రం పనికి వెళ్లేవాళ్ల కోసం ఉదయం ఏడున్నరకు కూడా కొన్ని సమయాలు ఉంచాం. ఆ సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు పిల్లలే మాట్లాడతారు. మధ్యలో అందుకోవద్దని ముందే బతిమాలుకుంటున్నాను.

సంతకం గడి మీది. మిగతా చేతిరాత పిల్లలదై ఉండాలి. మీ చేతిరాతతో నింపి పంపిన కాగితాలు పోయిన ఏడాది పదకొండు వచ్చాయి, పదకొండూ వెనక్కి పంపాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు