స్టీరింగ్ బాక్స్ స్క్రూ ముట్టుకోనివ్వకు

బావా,

నీ బండి స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరగడం) ఎక్కువైందని, మీ మెకానిక్ స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ బిగించేస్తానంటున్నాడని ఫోన్లో చెప్పావు చూడు, అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. స్టీరింగ్ రాడ్డునీ బాక్స్‌నీ కలిపే రబ్బరు కప్లింగ్ చూడకుండా ఆ స్క్రూ జోలికి ఎవర్నీ పోనివ్వకు. అరిగింది ఒకటైతే బిగించేది ఇంకొకటి అవుతుంది. బాక్స్ లోపల గేర్ల పళ్ళు బిగుసుకుపోతాయి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. ఆ తర్వాత బాక్సే మార్చాల్సొస్తుంది.

మా పాత డీసీఎం వ్యానుకీ ఇదే జబ్బు. ఎల్బీనగర్ దాటి హైవే ఎక్కితే చాలు, బండి లైన్లో నిలిచేది కాదు. వనస్థలిపురం ఆటోనగర్‌లో చూపించాను. అక్కడి మేస్త్రీ పానా కూడా పట్టకుండా, నన్ను స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమని, తను కింద టార్చి పట్టుకుని కూర్చున్నాడు. పైన రాడ్డు తిరుగుతోంది, బాక్స్‌లోకి పోయే షాఫ్ట్ మాత్రం కదలట్లేదు. మధ్యలో ఉన్న రబ్బరు కప్లింగే నలుగుతోందన్నమాట. నువ్వూ ఇలాగే చూడు. రెండూ కలిసి తిరుగుతుంటే కప్లింగ్ బాగున్నట్టే. అప్పుడు బాక్స్ నుంచి చక్రాల దాకా ఉండే జాయింట్లు, అంటే డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్‌లు, కింగ్ పిన్నులు చూపించు.

విప్పాక ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. రబ్బరు పొరలు పొరలుగా విచ్చుకుంది, లోపలి గుడ్డ పోగులు బయటికి వచ్చాయి, గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రాలు కోలగా సాగాయి. పైనుంచి ఆయిల్ కారి కారి రబ్బరు మెత్తబడిపోయింది. అందుకే ముందు లీకేజీ ఆపించి ఆ తర్వాతే కొత్తది వేయించాను. రబ్బరు తెగినా స్టీరింగ్ చేయి జారకుండా ఇనప పిన్నులు ఉంటాయిలే, కానీ వాటిని నమ్ముకుని లోడ్ ఎత్తకు.

విప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. చక్రాలు నేరుగా పెట్టించి, స్టీరింగ్ కదలకుండా కట్టేయించు. షాఫ్ట్ మీదా కప్లింగ్ మీదా కలిపి ఒక గీత గీయించు, లేకపోతే బిగించాక స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. తుప్పు పట్టి రాకపోతే ముందురోజు రాత్రే ఆయిల్ పోసి నాననివ్వండి. షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ పడనివ్వకు, బాక్స్ బేరింగులు పోతాయి. లాక్ నట్లు కొత్తవే వేయించు, అక్కడ పది రూపాయలు మిగిల్చుకునేదేం లేదు.

ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా. 1989 మోటారు వాహనాల రూల్స్‌లో 98వ రూల్ ప్రకారం స్టీరింగ్ దగ్గర ప్లే 30 డిగ్రీలు మించకూడదు. గడియారంలో పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఉన్నంత దూరం, అంతే. నువ్వు చెప్పినదాన్నిబట్టి నీది అంతకన్నా ఎక్కువే ఉంది.

మీ దగ్గర కప్లింగ్ దొరక్కపోతే పాత ముక్క పట్టుకుని ఇక్కడికి వచ్చెయ్, సైజులూ పళ్ళూ బండి బండికీ మారతాయి. బస్సులోనే రా, ఆ బండి మాత్రం తియ్యకు. బయల్దేరే ముందు ఫోన్ కొట్టు, నేనూ ఆటోనగర్ వస్తా.

నీ బావ