బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఆమదాలవలస. మా అమ్మాయి దగ్గర్లోనే ఓ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళి లైబ్రరీ ఎక్కడ సార్ అనడిగితే స్టాఫ్ రూమ్‌లో ఓ బీరువా చూపించారు, దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోడానికే పావుగంట పట్టింది, అదే ఓ డిటెక్టివ్ కథ అనుకోండి. తీరా తీస్తే లోపల ఏటున్నాయంటే మహనీయుల జీవిత చరిత్రలు, నీతికథలు, క్విజ్ బుక్కులు. అన్నీ కొత్తగా మెరిసిపోతున్నాయి, ఎవరూ ముట్టుకుంటే కదా.

పిల్లలు ఫోన్లు వదలట్లేదని అందరం తిడతాం గానీ పద్నాలుగేళ్ళ పిల్లకి ఆ బీరువాలో చదవాలనిపించేది ఏముంది చెప్పండి. చందమామ కథల వయసు దాటిపోయింది, పెద్దవాళ్ళ నవలల వయసు ఇంకా రాలేదు. ఆ వయసుకి మిస్టరీ నవలలు పెట్టొచ్చు కదా సార్ అంటే, డిటెక్టివ్ పుస్తకాలా, పిల్లలు చెడిపోరా అన్నారు. ఆయన్ని అనుకోడానికేం లేదు, మా నాన్న కూడా ఇదే మాట అనేవోరు.

నేను ఎనిమిదో తరగతిలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని సోషల్ పుస్తకంలో పెట్టుకుని చదివినోణ్ణి. చెడిపోయానో లేదో మా ఆవిడ చెప్పాలి గానీ, హంతకుడెవరో తెలిశాక మళ్ళీ వెనక్కెళ్ళి, మనల్ని ఎక్కడ బోల్తా కొట్టించాడా అని వెతకడం మాత్రం అలవాటైంది. రెండో చాప్టర్లో మూలనున్న తడి గొడుగు గురించి ఊరికే అన్నట్టు ఓ ముక్క రాశాడనుకోండి, పదో చాప్టర్‌కి వచ్చేసరికి ఆ రోజు అసలు వానే పడలేదని తెలుస్తాది, ఇంక కూడబలుక్కుని చదివే పిల్లయినా సరే గబగబా పేజీలు వెనక్కి తిప్పుతాది. అదే టీచరు రెండోసారి చదవమంటే ఎవరు చదువుతారు?

ఆ పాత పాకెట్ బుక్కులే తెమ్మనట్లేదు, అవి పెద్దవాళ్ళకి రాసినవి, కొన్నిటి అట్టలైతే నేనే దాచేవాణ్ణి. పిల్లలకి పిల్లల మిస్టరీలే కావాలి. సత్యజిత్ రాయ్ అంతటాయన 1965లో సందేశ్ అనే పిల్లల పత్రికలో ఫెలూదా కథలు మొదలుపెట్టాడు, ఆ కథలు చెప్పేది డిటెక్టివ్‌కి తమ్ముడి వరసయ్యే కుర్రాడు. అలాంటివి తెలుగులో ఉన్నవి కొనాలి, చాలకపోతే మనవాళ్ళ చేత రాయించాలి. మనకి సరుకు లేకపోతే కదా! అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే ఎండ గుడిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాది, ఆ కాసేపూ అందరి కళ్ళూ లోపలికే, సరిగ్గా అప్పుడు బయట చెప్పుల దగ్గర ఓ సంచి మాయమైందంటే కథ మొదలైపోయినట్టే. బారువ దగ్గర సముద్రంలో మునిగిన ఓడ ఉండనే ఉంది. పలాసలో ఓ జీడిపప్పు బస్తా లెక్క తప్పినా చాలు. మాటలు కూడా మన యాసలోనే ఉండాలి, గిడుగు రామ్మూర్తి గారు పుట్టిన జిల్లా కదండీ.

డబ్బుల్లేవంటే నేను ఒప్పుకోను. సమగ్ర శిక్షా అనే సర్కారు పథకం కింద స్కూలు లైబ్రరీకి స్థాయిని బట్టి ఏడాదికి 5000 నుంచి 20000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటుంది. అందులో ఓ పది మిస్టరీ నవలలకి చోటు లేదా? అదీ పిల్లల్ని అడిగి కొనాలి, లిస్టు పైనుంచి వచ్చిందంటే మళ్ళీ నీతికథలే. కారా మాస్టారు, అదే కథలు రాసిన కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఏరి దాచింది శ్రీకాకుళంలోనే, ఆ పక్కనే ఉన్న స్కూళ్ళలో పిల్లలకి ఇష్టమైన కథ దొరక్కపోతే ఏం బాగుంటాది?

ఇంకోటి, ఆ తాళం ఏ పదో తరగతి పిల్ల చేతికో ఇచ్చేయండి. ఆ తడి గొడుగు కథ నేనే అల్లి మా అమ్మాయికి సగం చెప్పి ఆపేశాను, మూడు రోజుల నుంచి ఆ గొడుగెవరిది నాన్నా అని ప్రాణం తీస్తోంది. నాకూ తెలీదండీ.

ఇట్లు,
ఓ తండ్రి, ఆమదాలవలస