సింహళ పాటకు ఆదివారం ఓ అరగంట ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

1960ల చివర్లో మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. షార్ట్ వేవ్‌లో కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్ పట్టాలంటే ముల్లుని వెంట్రుకవాసి జరపాలి. ఆ పని మా పెద్దన్నయ్యది, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అక్కడి తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినపడగానే వంటింట్లోంచి అమ్మ ‘కాస్త గట్టిగా పెట్టరా’ అనేది. పాట మధ్యలో ఎటో వెళ్లిపోయి, చరణం చివర్లో మళ్లీ వచ్చేది. మేం గప్‌చిప్‌గా కాచుకుని కూర్చునేవాళ్లం.

1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినపడకుండా పోయింది. 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలయ్యేదాకా ఆ పాటకి పెద్ద దిక్కు కొలంబోనే. ఇది చాలామందికి తెలుసు. కానీ మన పాటల్ని అంత ముద్దుగా వినిపించిన ఆ ఊరివాళ్లు తమ ఇళ్లలో ఏం పాడుకునేవారో మనం ఎప్పుడైనా అడిగామా? నేనైతే అడగలేదు.

నిరుడు మా అమ్మాయి వాళ్లతో శ్రీలంక వెళ్లాను. కొలంబో నుంచి కాండీ వెళ్లే బస్సులో ఎఫ్ఎం మోగుతోంది. మొదట అంతా బైలా పాటలు. పోర్చుగీసుల కాలం నుంచి వచ్చిన ఆ దరువుని, పోలీసు ఉద్యోగం చేసిన వాలీ బాస్టియన్స్ లాంటి వాళ్లు జనం పాటగా మార్చారు. కూర్చున్న చోటే భుజాలు కదులుతాయి. కాసేపటికి సింహళ గాయకుడు అమరదేవ పాట వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండని కండక్టర్ టిక్కెట్లు కొట్టడం ఆపి, డ్రైవర్ దగ్గరికి వెళ్లి సౌండ్ పెంచి, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. పక్క సీట్లో ఉన్న టీచరమ్మ నాకు ఒక్కో మాటా విప్పి చెప్పింది. సఁద అంటే చంద్రుడు, అహస అంటే ఆకాశం, గీ అంటే గీతం. మన లలిత గీతాల్ని వాళ్లు సరళ గీ అంటారట. భాష రాకపోయినా సగం దూరం మనకి తెలిసిన దారే.

అమరదేవ లక్నోలో హిందుస్థానీ సంగీతం నేర్చుకుని, దాన్ని సింహళ పల్లె పాటతో కలిపారు. 2001లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. సేలంలో పుట్టిన మొహిదీన్ బేగ్ అనే ముస్లిం గాయకుడు పాడిన బౌద్ధ భక్తి గీతాలంటే అక్కడ ప్రాణం పెడతారు. నా మనసులో ముల్లులా ఉండిపోయింది మాత్రం సునీల్ శాంత కథ. 1940ల చివర్లో ఆయన పాటంటే సింహళ శ్రోతలు చెవి కోసుకునేవారు. 1952లో రేడియో సిలోన్ వారు గాయకులకి ఆడిషన్ పెట్టడానికి లక్నో నుంచి హిందుస్థానీ విద్వాంసుడు పండిట్ రతన్‌జంకర్‌ని పిలిపించారు. సునీల్ శాంత కూడా లక్నోలో చదివినవారే. అయినా ఆడిషన్‌కి రానన్నారు. సింహళ పాట సింహళ నుడిలోంచే పుట్టాలని, దాన్ని హిందుస్థానీ తూకంతో తూచకూడదని ఆయన పట్టు. ఆ పట్టుకి రేడియోలో పాడే అవకాశం పోగొట్టుకున్నారు, అదీ ఏళ్ల తరబడి. మన పాట ఆ స్టేషన్‌లో ఆశ్రయం పొందిన రోజుల్లోనే, అక్కడి బిడ్డకి అదే స్టేషన్ తలుపు మూసుకుంది. తూచడానికి వెళ్లింది మన దేశపు పెద్దమనిషి. ఇది తెలిశాక నాకు చాలా బాధ కలిగింది.

2021లో శ్రీలంక గాయని యొహానీ పాడిన ‘మణికే మగే హితే’ అనే సింహళ పాట మన పెళ్లి బరాత్‌ల దాకా వచ్చింది. అందులో వినపడే ‘హిత’ అంటే మనసు అని మనకి ఒక్క ఎఫ్ఎం అయినా చెప్పిందా? మన ఎఫ్ఎంలు తెలుగు పాట రాసినవాళ్ల పేర్లే చెప్పడం మానేశాయి, అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

అందుకే హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆకాశవాణి కేంద్రాల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆదివారం ఒక్క అరగంట సింహళ పాటకి ఇవ్వండి. నాలుగైదు పాటలు చాలు. ప్రతి పాటకీ ముందు రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు అని చెప్పి, భావాన్ని తెలుగులో రెండు ముక్కల్లో చెప్పండి. రికార్డింగుల కోసం శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌ని అడగండి. వాళ్ల దగ్గర మన పాత తెలుగు రికార్డులు ఇంకా ఏమైనా మిగిలాయేమో కూడా ఆ చేత్తోనే కనుక్కోండి. సినిమా పాటలకి ఇన్ని గంటలిస్తున్నప్పుడు ఇదేమంత భారం కాదు.

బస్సు దిగేముందు ఆ టీచరమ్మ నా డైరీలో పన్నెండు పాటల మొదటి లైన్లు, కవుల పేర్లతో సహా రాసిచ్చింది. మా అమ్మాయి వాటిని తెలుగు లిపిలోకి ఎత్తింది. మొదటి ఆదివారానికి పనికొస్తాయనుకుంటే ఆ కాగితం పట్టుకుని విశాఖ కేంద్రానికి నేనే వస్తాను.

— ఒక పాత శ్రోత, భీమునిపట్నం