బోర్డు చంకలో, బ్యాగు వీపున, 11 కిలోమీటర్లు: రైల్ ట్రయల్ అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్రయల్ నిర్వహణ అధికారి గారికి నమస్కారం.

పాత రైలు కట్టను నడకకూ, సైకిళ్లకూ, నాలాంటి స్కేటర్లకూ దారిగా మార్చిన మన రైల్ ట్రయల్ మీద జరిగిన రెండో దశ పనుల సంగతి మీకు తెలియనిది కాదు, మళ్లీ మొదటి నుంచీ చెప్పను. తాత్కాలికం అంటూ తారు పెళ్లగించి కంకర పొడి పరిచారే, ఆ 11 కిలోమీటర్ల గురించే ఈ ఉత్తరం. ఇంతకుముందు రాసిన మూడూ దాని గురించే. మొదటిదానికి ‘పరిశీలిస్తున్నాం’ అన్నారు. రెండోదానికి ‘వానలు తగ్గాక’ అన్నారు. వానలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. మూడోదానికి వచ్చిన జవాబైతే నాకు కంఠతా వచ్చేసింది: ‘సదరు మార్గంలో సైకిళ్లకు ఎటువంటి ఇబ్బందీ లేదు.’

సైకిళ్లకు లేదు సార్, ఒప్పుకుంటాను. వాటి చక్రం మోకాలు దాటి ఉంటుంది. నా లాంగ్‌బోర్డు, అంటే పొడవాటి స్కేట్‌బోర్డు, చక్రం అడ్డంగా కొలిస్తే 80 మిల్లీమీటర్లు. సైకిల్ లెక్కచెయ్యని బఠాణీ గింజంత రాయి అడ్డొస్తే చాలు, ఇది టక్కున ఆగిపోతుంది. ఆగేది చక్రమే. నేను ఆగను, నా వీపు మీది పది కిలోల బ్యాగు అసలే ఆగదు. గుడారం, పక్కబట్టలు, నీళ్లు అన్నీ కలిసి మెడ మీదికి ఒక్క తోపు తోస్తాయి.

కిందటిసారి తారు అయిపోయి కంకర మొదలయ్యే చోటే పడ్డాను. అక్కడ హెచ్చరిక బోర్డు లేదు. చెట్ల నీడలో రెండూ ఒకే రంగులో ఉంటాయి. గ్లవ్స్ చిరిగిపోయాయి. ఆ రాత్రి టార్చిలైటు నోట కరుచుకుని, అరచేతిలో దిగిన రాతి నలుసుల్ని సూదితో ఒక్కొక్కటే తీసుకున్నాను. కంకర నాణ్యత మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక్క నలుసు కూడా మొద్దుబారలేదు.

పడకుండా ఉండాలంటే నడవాలి. సాఫీ తారైతే ముప్పావు గంటలో దాటే దూరం, బోర్డు చంకలో పెట్టుకుని రెండున్నర గంటలు. నా స్కేటింగ్ బూట్లు నడక కోసం కొన్నవి కావు, అడుగు పల్చగా ఉంటుంది. పైగా కుడి బూటు ముందే అరిగి ఉంటుంది, నేలను తన్నేదీ వేగం ఆపేదీ ఎక్కువగా ఆ కాలే కదా. కాసేపు ఓపిక నశించి బోర్డెక్కానో, ఆ పొడి బేరింగుల్లో దూరుతుంది. తర్వాత తారు మీద కూడా కరకరమంటూనే ఉంటాయి. ఎనిమిది బేరింగులూ విప్పి తుడవాల్సిందే.

బాధ ఎక్కడంటే, మాకు ఇంతకంటే మంచి దారి దొరకదు. రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి ఇలాంటి రైలు కట్టల వాలు చాలావరకు 2, 3 శాతం లోపే ఉంటుంది. బ్రేకులు లేని బోర్డుకు అదే వరం. ఎక్కేటప్పుడు ఆయాసం రాదు, దిగేటప్పుడు కాలు నేలకు రాస్తే సరిపోతుంది. పాతకాలపు ఇంజనీర్లు అంత చక్కగా కట్టి ఇచ్చిన కట్ట మీద మనం చేసిందల్లా కంకర పొయ్యడం!

1963లో అమెరికాలో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ఆవిడ, వాడుకలో లేని రైలు దారిని నడకదారి చేద్దామని షికాగో ట్రిబ్యూన్‌కు ఒక ఉత్తరం రాశారు. దాంతో మొదలైన కదలికే ఇలినాయ్ ప్రెయిరీ పాత్ అనే రైల్ ట్రయల్ అయింది. నేను మూడు రాశాను. నాకు మూడు రశీదు నంబర్లు వచ్చాయి.

దయచేసి తారు వేయించండి సార్. మొత్తం కుదరకపోతే సగం. సగమూ కుదరకపోతే మీటరు వెడల్పున ఒక పట్టీ, మిగతాది కంకరే ఉంచుకోండి. అదీ కాదంటే ఆ రెండు చివర్లా హెచ్చరిక బోర్డులైనా పెట్టించండి. ఏదో ఒకటి చెయ్యండి, ఈసారి మాత్రం పరిశీలించకండి.

ఏదీ వీలుపడకపోతే, ట్రయల్ మొదట్లో పెట్టిన బోర్డు మీద మనిషి, సైకిలు, పక్కన స్కేట్ బొమ్మ ఉన్నాయి. ఆ మూడో బొమ్మ చెరిపించండి. రంగు డబ్బా నేనే తెస్తాను, ఎలాగూ నడిచే వస్తున్నాను.

ఇట్లు,
మీ దయవల్ల నడక బాగా అలవాటైన ఒక స్కేటర్