చరిత్రకు వరుస కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంటి చదువుల మీద వ్యాసం వచ్చింది. లెక్కలు, కంప్యూటర్ గురించి అంత రాసి, చరిత్ర పెద్దయ్యాక చదువుకోవచ్చని ఒక్క ముక్కతో తేల్చేశారు. నాలుగేళ్లుగా పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నదాన్ని, మనసుకు కష్టమనిపించింది.

బడి మానిపించిన కొత్తలో మా పాప 'రుద్రమదేవి, కృష్ణదేవరాయలు భార్యాభర్తలా అమ్మా?' అని అడిగింది. తప్పు దానిది కాదు. అప్పటిదాకా రాజులంతా దానికి విడివిడి కథలే, ఎవరి తర్వాత ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రే పాత క్యాలెండర్లు తిరగేసి అంటించి గోడకు పట్టీ వేశాం. వందేళ్లకు నా చేత్తో ఒక జాన. ఎర్రగుడి అశోకుడి శాసనాల నుంచి తెలంగాణ వచ్చిన 2014 దాకా 23 జానలు వచ్చింది, హాలు గోడ చాలక వంటింటి తలుపు దాకా పోయింది. రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289. రాయలు గద్దెనెక్కింది 1509. పాప నా చెయ్యి పట్టుకుని కొలిపించి, 'రెండు జానల పైనే ఉంది' అంది. 1323లో ఓరుగల్లు పడిపోవడానికీ 1336లో విజయనగరం మొదలవడానికీ మధ్య రెండు వేళ్ల సందేనని తనే చూసుకుంది. ఇక ఆ సంగతి జన్మలో మర్చిపోదు.

ఈ పట్టీ నింపుకుందామని మ్యూజియానికి తీసుకెళ్తే, స్కూల్ ఐడీ కార్డు లేదని పిల్లలకూ పెద్దల టికెట్టే కొట్టారు. లోపల విగ్రహాల కింద 'ప్రాచీన కాలం', 'మధ్యయుగం' అని రాసుంది, ఏ శతాబ్దమో కూడా లేదు. అడిగితే ఆఫీసులో కనుక్కోమన్నారు. ఆఫీసుకు తాళం.

పైన ఢిల్లీలో ఇంకో తంతు. 2023లో, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి చరిత్రలోంచి మొఘల్ దర్బారుల పాఠం తీసేసింది. భారం తగ్గించడానికట. 1687లో గోల్కొండను పడగొట్టిన ఔరంగజేబు ఎక్కడి నుంచి వచ్చాడని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? మధ్యలో మెట్టు పీకేస్తే మేడ ఎక్కేదెలా?

ఇంట్లో చదివినా, రేపు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్లలే వీళ్లూ. మన శాసనాలు, కోటలు, రాజ్యాలు ఏళ్ల వరుసలో ఉండే చిన్న పుస్తకం ఒకటి విద్యాశాఖ తెలుగులో వేయించాలి. పురావస్తు శాఖ వాళ్లు ముందు ఆ విగ్రహాల కింద కాలం రాయించాలి. వచ్చే సెలవుల్లో పిల్లల్ని మళ్లీ అక్కడికే తీసుకెళ్తున్నాను.

– ఒక తల్లి, హనుమకొండ