బంగాళాదుంప సూప్ ఎందుకు ఆపేశానంటే

నమస్కారమండి. విశాఖలో మా ఇంట్లోనే చల్లటి సూప్‌లు చేసి అమ్ముతుంటాను. రెండు వారాలుగా బంగాళాదుంప సూప్ అడిగిన వాళ్ళందరికీ "స్టాక్ లేదు" అని మెసేజ్ పెడుతున్నాను. అది నిజం కాదు. అంతకుముందు ఆదివారం మా వంటింటి నుంచి వెళ్ళిన సూప్ పాడైంది. పదకొండు ఇళ్ళకు వెళ్ళింది.

మొదట ఫోన్ చేసినావిడ, "పుల్లగా ఉందమ్మా, మూత తీస్తే బుస్సుమంది" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "పెరుగు పులుపండి, ఎండాకాలం కదా" అనేశాను. ఆ సూప్‌లో పెరుగు చుక్క కూడా ఉండదు. ఆవిడ "అలాగా" అని పెట్టేశారు. ఫ్రిజ్‌లో మిగిలిన డబ్బా తీసి ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. రెండో చెంచా అక్కర్లేకపోయింది. అప్పుడు అందరికీ ఫోన్లు చేసి పారబోయమన్నాను. అప్పటికే నలుగురు తాగేశారు, ఒకాయనకు రాత్రి దాకా కడుపులో తిప్పింది. డబ్బులు వెనక్కి వేశాను. ఇద్దరు వద్దన్నారు, అయినా వేశాను. ఆయనకీ, నేను అబద్ధం చెప్పిన ఆవిడకీ ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను: తప్పు పెరుగుది కాదు, నాది.

జరిగింది ఇదీ. శనివారం రాత్రి పద్నాలుగు లీటర్లు ఒకే పెద్ద తపేలాలో కాచాను. ఫ్యాను కింద రెండు గంటలు పెట్టాను. గిన్నె పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, చాల్లే అని మొత్తం తపేలాని ఫ్రిజ్‌లోకి తోసేశాను. తెల్లారేసరికి గిన్నె అంచులు చల్లగానే ఉన్నాయి. నడుమ మాత్రం, లోతుగా గరిటె పెట్టి తీస్తే, ఇంకా వెచ్చగానే ఉంది! అప్పుడే పారబోయాల్సింది. బాగా కలిపేసి డబ్బాల్లో పోశాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

చిక్కటి పదార్థం లోతు గిన్నెలో ఉంటే నడిమి వేడి బయటికి రావడానికి గంటలు పడుతుంది. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఎంతసేపు నానితే సూక్ష్మజీవులకు అంత పండగ. వండినది రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలని హోటళ్ళ వంటిళ్ళలో ఒక లెక్క ఉంది. మన ఇళ్ళలో సాంబారుకు ఈ గొడవ అంతగా తెలియదు, ఎందుకంటే తినేముందు మళ్ళీ మరిగిస్తాం. చల్లటి సూప్‌కు ఆ రెండో అవకాశం లేదు. కాచాక మళ్ళీ పొయ్యి మొహం చూడదు.

పైగా ఆ సూప్ స్వభావమే అంత. న్యూయార్క్‌లో ఒక పెద్ద హోటల్లో లూయీ దియా అనే ఫ్రెంచి వంటాయన 1917లో తయారుచేశాడని చెబుతారు, పేరు విషీస్వాజ్. బంగాళాదుంప, లీక్ అనే ఉల్లిజాతి కాడ, పాలు, మీగడ. లీక్ బదులు నేను ఉల్లికాడల తెల్ల భాగం వేస్తాను. ఇందులో పులుపు అనేదే లేదు, అదీ సంగతి. మిగతావి చూడండి. గస్పాచో అనే స్పెయిన్ వాళ్ళ చల్లటి సూప్‌లో టమాటా, వెనిగర్. పచ్చిపులుసులో చింతపండు. చోడి (రాగి) అంబలి రాత్రంతా పులిసిందే. పులుపున్న చోట సూక్ష్మజీవులు అంత తొందరగా తల ఎత్తవు. ఫ్రిజ్ లేని రోజుల్లో మనవాళ్ళ వేసవి గిన్నెలన్నీ చల్ల, తరవాణి, పచ్చిపులుసు అయ్యాయంటే ఊరికే కాదనిపిస్తోంది. నేను మాత్రం పాలూ దుంపా కలిపి విశాఖ మే నెలలోకి వదిలాను.

అందుకని ఈ సీజన్‌కి ఆ సూప్ లేదు. కొత్తిమీర, జీడిపప్పు సూప్ కూడా ఆపేశాను, దానిదీ అదే సమస్య.

ఇప్పుడు మూడే ఉన్నాయి. గస్పాచో, కాల్చిన వంకాయ పచ్చిపులుసు, కీరా పెరుగు సూప్. ఈ మూడోది బల్గేరియాలో తారాతోర్ అనే పేరుతో చేసేదే. అక్కడ అక్రోటు, సోయికూర వేస్తారు, నేను వేయించిన వేరుశనగ గుళ్ళు, పుదీనా వేస్తున్నాను. చోడి అంబలి శని, ఆదివారాల్లో మాత్రం. మా ఎదురింటి మామ్మగారు పచ్చిపులుసు డబ్బా చూసి, "దీనికి సూప్ అని పేరెట్టి తొంభై రూపాయలా, నాకు చెబితే ఊరికే చేసిపెడదును కదే" అన్నారు. నిజమే. కాకపోతే ఆవిడ వంకాయని బొగ్గుల మీద కాల్చినట్టు నాకు గ్యాస్ మంట మీద రావడం లేదు. ఆ పొగ వాసన కోసం పెరట్లో చిన్న కుంపటి పెట్టాను.

గస్పాచో తొంభై నుంచి నూట పది అయింది. ఆలివ్ నూనె ధర నేను మోయలేకపోతున్నాను. సగం గానుగ వేరుశనగ నూనె కలిపి చూశాను, అచ్చం టమాటా పచ్చడి నీళ్ళలా ఉంది, మానేశాను. టమాటాలు రోజూ పొద్దున్నే ఎంవీపీ రైతు బజారు నుంచే. నాటువి దొరికిన రోజు తీసుకున్నవాళ్ళకు తేడా తెలిసే ఉంటుంది.

కొందరు "చప్పగా ఉంది" అన్నారు కదా, దాని కారణం కూడా దొరికింది. నేను ఉప్పు మామూలు వేడి మీద చూసి సరిపెట్టేదాన్ని. చల్లబడితే నాలుకకు రుచులు, ముఖ్యంగా తీపి, తక్కువగా అందుతాయి. కరిగిన ఐస్‌క్రీమ్ వెగటు తియ్యగా ఉండేది అందుకే. ఇప్పుడు ఒక గిన్నెడు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా అయ్యాకే రుచి చూసి ఉప్పు వేస్తున్నాను.

వంటింట్లో మారినవి: థర్మామీటర్ కొన్నాను (ఇన్నాళ్ళూ లేదు, అవును). కాచేవాటిని, అంటే అంబలిని, చిక్కగా కాచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో ఇంట్లోనే చేసిన ఐస్ ముక్కలతో పలచన చేస్తున్నాను. తర్వాత రెండంగుళాల లోతు పళ్ళేల్లో పోసి ఐస్ నీళ్ళ టబ్బులో పెట్టి కలుపుతూ ఉంటాను. ఆ టబ్బుకు దిమ్మె ఐస్ బయట కొంటాను. చేపలకు వాడే ఐస్ అది, గిన్నె బయటే ఉంటుంది, లోపలికి రాదు. ఎవరో అడిగారు కాబట్టి చెబుతున్నాను.

డెలివరీ విషయంలో గాజువాక, మధురవాడ వాళ్ళు నన్ను తిట్టుకుంటారు. మా ఎంవీపీ కాలనీ నుంచి మద్దిలపాలెం, సిరిపురం, సీతమ్మధార వరకే పంపిస్తాను, అదీ ఉదయం పదకొండు లోపు. విజయవాడ అంత ఎండ మనకు ఉండదు, నిజమే. కానీ ఈ సముద్రపు ఉక్కలో డబ్బాలకు చెమట పట్టి స్టిక్కర్లు ఊడిపోతున్నాయి. థర్మకోల్ పెట్టె, ఐస్ ప్యాక్‌లు పెట్టి మధురవాడ దాకా పంపి చూశాను. చేరేసరికి 13 డిగ్రీలు. దూరం వాళ్ళు ఇంటికొచ్చి తీసుకుంటే పదిహేను రూపాయలు తగ్గిస్తాను, మీ స్టీలు డబ్బా తెచ్చుకుంటే ఇంకో అయిదు.

ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఆ రోజే తాగేయండి. వాసన, రుచి ఏ కొంచెం తేడాగా అనిపించినా ఫోన్ చేయండి. "పెరుగు పులుపండి" అని మళ్ళీ అంటే, పెరుగు సూప్ అయితే తప్ప నమ్మకండి.